నాడీ వ్యవస్థలో మార్కులు పోయేది ఈ జంటల దగ్గరే

డీఎస్సీ రాసినా, గ్రూప్స్ రాసినా, నీట్ రాసినా ఈ పాఠం చదువుతున్నంతసేపు సులువే. ఆప్షన్లు చూశాకే తడబాటు. భాగాలను ఒక్కొక్కటిగా బట్టీ పడతాం, పేపర్‌లో మాత్రం రెండింటిని పక్కపక్కన పెట్టి అడుగుతారు. అందుకని నోట్సులో మూడు గడులు గీయండి: భాగం, పని, దెబ్బతింటే ఏమవుతుంది. అసలు పని చేసేది మూడో గడే.

మస్తిష్కంలో (పెద్ద మెదడులో) కదలికలకు ఆదేశాలిచ్చే చాలక ప్రాంతం దెబ్బతింటే చేయి కదలదు, అదీ అవతలి వైపు చేయి. అనుమస్తిష్కం (చిన్న మెదడు) దెబ్బతింటే చేయి కదులుతుంది గానీ గ్లాసు అందుకోబోతే గురి తప్పుతుంది, నడక తూలుతుంది. తాగినవాడి తూలుడు మీద ప్రశ్న వస్తే జవాబు అనుమస్తిష్కమే.

మెదడు అడుగున వెన్నుపాముతో కలిసే మజ్జాముఖానికీ, మెదడు లోపల ఉండే హైపోథాలమస్‌కీ మధ్య ఇంకా ఎక్కువమంది పొరపడతారు, రెండూ మన ప్రమేయం లేకుండా నడిచేవే కదా. ఆగితే నిమిషాల్లో ప్రాణం పోయేవి, అంటే శ్వాస, గుండె కొట్టుకోవడం, మజ్జాముఖం కింద రాసుకోండి. ఆకలి, దాహం, శరీర ఉష్ణోగ్రత హైపోథాలమస్ కిందికి వెళ్తాయి. దగ్గు, తుమ్ము, వాంతి ఈ గుర్తుకు లొంగవు. వాటినీ మజ్జాముఖం పక్కనే విడిగా చేర్చండి.

బూడిదరంగు పదార్థం మస్తిష్కంలో పైన, వెన్నుపాములో లోపల ఉంటుంది. బూడిదరంగు నాడీకణాల దేహాలది, తెలుపు నాడీ పోగుల చుట్టూ ఉండే మయలిన్ అనే కొవ్వు తొడుగుది.

మెదడు నుంచి వచ్చే కపాల నాడులు 12 జతలు, వెన్నుపాము నుంచి వచ్చే వెన్ను నాడులు 31 జతలు. ఆప్షన్లలో 43, 86 రెండూ ఉంటే 'జతలు' అన్న మాట కోసం ప్రశ్న మళ్లీ చదవండి. వెన్ను నాడుల లెక్క పైనుంచి కిందికి మెడ 8, ఛాతీ 12, నడుము 5, త్రికం 5, తోక ఎముక 1. మెడలో వెన్నుపూసలు 7 కాబట్టి నాడులూ 7 అని రాసేస్తారు. మొదటి నాడి మొదటి పూసకు పైనుంచి, ఎనిమిదోది ఏడో పూస కింది నుంచి వస్తాయి, అందుకే 8. కపాల నాడుల్లో 1, 2, 8 జ్ఞాన నాడులు (మెదడుకు కబురు తెచ్చేవి). 5, 7, 9, 10 మిశ్రమ నాడులు (రెండు పనులూ చేసేవి). మిగిలిన ఐదూ చాలక నాడులు (కండరాలకు ఆదేశాలు తీసుకెళ్లేవి).

ఆపదలో ఒంటిని సిద్ధం చేసే సహానుభూత వ్యవస్థ 'అన్నిటినీ పెంచుతుంది' అని గుర్తుపెట్టుకుంటే జీర్ణక్రియ దగ్గర మార్కు పోతుంది. వీధికుక్క వెంటపడిందనుకోండి: కనుపాప పెద్దదవుతుంది, గుండె దడదడలాడుతుంది, నోరు ఎండుతుంది, పేగుల కదలిక మందగిస్తుంది. విశ్రాంతిలో పనిచేసే సహానుభూత పర వ్యవస్థకు దీన్ని తిరగేస్తే సరి.

ప్రతీకార చర్యా చాపం (ఆలోచించకుండానే జరిగే చర్యలో కబురు నడిచే దారి) మాత్రం చదివితే రాదు, గీయాలి. స్పర్శను, వేడిని పసిగట్టే గ్రాహకం నుంచి జ్ఞాన నాడి పృష్ఠ (వీపు వైపు) మూలం గుండా వెన్నుపాము లోపలికి, చాలక నాడి ఉదర (పొట్ట వైపు) మూలం గుండా బయటికి. చేయి కాలినప్పుడు మధ్యలో ఆ రెండిటినీ కలిపే సహసంబంధ నాడీకణం ఉంటుంది. మోకాలి చిప్ప కింద తడితే కాలు ఎగిరే మోకాలి కుదుపులో అది ఉండదు, జ్ఞాన నాడీకణం నేరుగా చాలక నాడీకణాన్నే తాకుతుంది. ఇక్కడే బాణాలు తారుమారవుతాయి, పేజీ చూడకుండా కనీసం ఐదుసార్లు గీయండి.