ఆదివారం వస్తానమ్మా

మా అమ్మ వయసు 74. బిట్రగుంట దగ్గర పల్లెలో ఒక్కతే ఉంటుంది. నేను నెల్లూరులో ఉంటాను, జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. తమ్ముడు బెంగళూరులో ఉన్నాడు. నాయన పోయాక అమ్మని మా ఇంటికి రమ్మంటే రాలేదు. "మీ ఇంట్లో నాకు ఊపిరాడదు, నా ఇల్లు నాకు కావాల" అంది. ఆ మాటలో న్యాయముంది. పొద్దున్నే తలుపు తీస్తే పలకరించే మనిషి కనపడని మూడో అంతస్తులో ఆమె ఎందుకుండాలి? కానీ తను అక్కడుంటూనే, నేను పక్క వీధిలో ఉన్నట్టు పిలిచిన ప్రతిసారీ పలకాలంటుంది. అది నా వల్ల కాలేదు. ఈ వ్యవహారం ఒక దారిన పడటానికి ఏడాది పైనే పట్టింది. ఇదే బాధలో ఉండి నలుగురికీ చెప్పుకోలేక లోపల్లోపల కుమిలిపోయే కూతుళ్లు, కొడుకులు నాకు చాలామంది తెలుసు. వాళ్ల కోసం రాస్తున్నాను.

అప్పట్లో పీరియడు అయ్యి స్టాఫ్ రూముకొచ్చి ఫోను చూస్తే, స్క్రీను నిండా 'అమ్మ' అనే మిస్డ్ కాల్సే. గుండెల్లో రాయి పడేది. వణుకుతూ తిరిగి చేస్తే, "ఏం లేదులే అమ్మే, నేను బతికున్నానో లేదో నీకు తెలియాల గదా" అనేది. గ్యాసు బండ అయిపోయినా, టీవీ రాకపోయినా, కుళాయి నీళ్లు సన్నగా వస్తున్నా ఫోను నాకే. మేస్త్రీ ఇల్లు ఆమె ఇంటికి నాలుగిళ్ల అవతలే. అయినా నేను నెల్లూరు నుంచి అతనికి చేసి చెప్పాలి. "ఇప్పుడు కుదరదమ్మా" అంటే మాటలు మొదలయ్యేవి. "నువ్వొచ్చేసరికి నా శవాన్ని చూద్దువులే." "మీ నాయనుంటే నాకీ గతి పట్టేదా." "అత్తకైతే చేస్తావు, కన్నతల్లికి చెయ్యలేవు." ఈ చివరి మాట బాగా గుచ్చుకునేది, ఎందుకంటే మా అత్తగారు మాతోనే ఉంటారు. రాత్రి ఆవిడకి కంచం పెడుతుంటే అమ్మ మాట గుర్తొచ్చి చెయ్యి ఆగిపోయేది.

అన్నిటికంటే పెద్దది అన్నం మానేయడం. నా మీద కోపమొస్తే ఆ పూట తినదు. తినలేదని తను చెప్పదు. పక్కింటి పిన్ని ఫోన్ చేసి, "మీ అమ్మ పొద్దుట్నుంచి మంచం దిగలేదమ్మా" అంటుంది. ఇంక నేను హాఫ్ డే సెలవు పెట్టి, దొరికిన బస్సెక్కి పోవాల్సిందే. పోతే లేచి కూర్చుంటుంది, నేను కలిపి పెడితే తింటుంది, సాయంత్రానికి నవ్వుతూ గడప దాకా వస్తుంది. నాకు మాత్రం ఆ వారమంతా ఒళ్లు మండిపోతూ ఉండేది. కన్నతల్లి మీద ఇంత కోపమేంటని మళ్లీ నా మీద నాకే అసహ్యం.

ఒక రాత్రి నిద్రపట్టక టెలీ మానస్ 14416కి ఫోన్ చేశాను. ప్రభుత్వం నడిపే ఉచిత మానసిక ఆరోగ్య నంబరు అది. రాత్రింబవళ్లు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. నేను అమ్మని ఎలా మార్చాలని అడగబోతే, ఆ అమ్మాయి నన్ను ఒకటే అడిగింది: "మీరు మీ అమ్మగారి దగ్గరికి ఏయే సందర్భాల్లో వెళ్తారు?" ఆలోచిస్తే, అమ్మకి కళ్లు తిరిగాయనో, అన్నం మానేసిందనో, ఇంట్లో పాము దూరిందనో వెళ్లినవే అన్నీ. ఏ కబురూ లేకుండా ఊరికే వెళ్లిన రోజు ఒక్కటీ తట్టలేదు. అంటే ఆమె లెక్కలో, ఆపద వస్తేనే కూతురొస్తుంది. అలాంటప్పుడు ఆపదలు రాకుండా ఎందుకుంటాయి? అమ్మ నాటకమాడుతోందని నేననను. ఒంటరిగా ఉన్న మనిషికి కళ్లు నిజంగానే తిరుగుతాయి. దాన్ని ఆపేది మనిషి రాకే.

నాకు దారి దొరికింది అక్కడే. రాకపోకలు తగ్గించడం కాదు, వాటిని ఆపదతో ముడిపెట్టకుండా విడదీయాలి. ఆమె బాగున్నా వెళ్లాలి, బాగాలేదని చెప్పినా అదే రోజుకి వెళ్లాలి.

కానీ దానికి ముందు ఆమెకి నిజంగా ఏ జబ్బు ఉందో, ఏది లేదో తేలాలి. ఈ పని చెయ్యకుండా ఎవరూ హద్దులు పెట్టొద్దని గట్టిగా చెబుతాను. మనిషి తీరు మారిందంటే థైరాయిడ్ కావచ్చు, బి12 తగ్గడం కావచ్చు, డిప్రెషన్ కావచ్చు, మతిమరుపు జబ్బు మొదలై ఉండొచ్చు. నెల్లూరులో డాక్టరుకి చూపించాం. థైరాయిడ్ బాగానే ఉంది, బి12 తక్కువుంది. చెవి పరీక్షలో రెండు చెవులకీ వినికిడి బాగా తగ్గిందని తేలింది. ఫోనులో నేను గొంతు తగ్గించి మాట్లాడితే ఆమెకి సగం వినపడేది కాదు, విసుక్కుంటున్నాననుకునేది. చెవి మిషను పెట్టించాం.

వయసు మళ్లినవాళ్లలో దిగులు ఎంతుందో చూడటానికి అవును, కాదు అని చెప్పే 15 ప్రశ్నల పట్టిక ఒకటుంది. డాక్టరు అది తీసి తెలుగులో ఒక్కొక్కటే అడిగారు. నన్ను మధ్యలో మాట్లాడొద్దన్నారు. "మీ జీవితం ఖాళీగా అనిపిస్తుందామ్మా?" అన్నప్పుడు అమ్మ పైట చెంగు వేలికి చుట్టుకుంటూ నేల చూసింది. "అనిపిస్తది సార్. ఆయన పోయినకాడ్నుంచి అంతే" అంది. నాకెప్పుడూ చెప్పని మాట అది. నాతో అన్నీ నిష్ఠూరాలే గానీ, బాధ చెప్పింది లేదు. చిన్న డోసులో మందు రాశారు. పని చెయ్యడానికి వారాలు పడుతుందనీ మధ్యలో మానొద్దనీ చెప్పారు.

ఇంకో సంగతి కూడా అక్కడే తెలిసింది. షుగర్ మాత్రల్లో కొన్ని, గ్లిమిపిరైడ్ లాంటివి, మనం అన్నం తిన్నా తినకపోయినా షుగర్‌ని దించేస్తాయి. అది వేసుకుని అన్నం మానేస్తే చెమటలు పట్టి, వణుకొచ్చి, మాట తడబడి, స్పృహ తప్పే దాకా పోవచ్చు. అమ్మ వేసుకునేది అదే. అలిగి పడుకున్న పూటల్లో ఆమెకి కళ్లు తిరగడంలో వింతేం లేదు. డాక్టరు మాత్ర మార్చారు. ఆ మార్పు లేకుండా నేను "అన్నం మానేసినా రాను" అనే ధైర్యం చెయ్యకూడదు, చెయ్యలేను కూడా.

తర్వాత తమ్ముడితో మాట్లాడాను. వాడు నెలనెలా డబ్బు పంపుతాడు, దాంతో అయిపోయిందనుకుంటాడు. "నాకు డబ్బు సాయం వద్దు, బుధవారాలు, శనివారాలు కావాలి" అన్నాను. ఆ రెండు రాత్రులూ అమ్మతో మాట్లాడటం వాడి వంతు. గ్యాసు, కరెంటు బిల్లు, టీవీ రీచార్జి వాడే ఆన్‌లైన్లో కడతాడు. కొంత గొణిగాడు గానీ ఒప్పుకున్నాడు. మరదలు వాడికంటే ముందే ఒప్పుకుంది.

అమ్మకి ఈ సంగతి చెప్పిన రోజు తను బాగానే ఉంది, నేనూ బాగానే ఉన్నాను. కావాలనే అలాంటి రోజు చూసుకున్నాను. వరండాలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ చెప్పాను. "అమా, బళ్లో ఉన్నప్పుడు ఫోను తియ్యను. రోజూ సాయంత్రం ఏడున్నరకి నేనే చేస్తా. బుధ, శనివారాలు తమ్ముడు చేస్తాడు. ప్రతి ఆదివారం పొద్దున వస్తా, సాయంత్రం దాకా ఉంటా. కింద పడ్డా, గుండెల్లో నొప్పొచ్చినా, ఆయాసమొచ్చినా, మూతి వంకరపోయినా, మాట పడిపోయినా ఆదివారం దాకా ఆగొద్దు. 108కి చేసి, పిన్నిని పిలువు. పిన్ని ఫోను నాకు బళ్లోనైనా మోగుతుంది."

కారణాలు చెప్పలేదు. అంతకుముందు ఎన్నోసార్లు చెప్పి చూశాను: హెడ్‌మాస్టరు ఒప్పుకోరు, పిల్లాడికి ఇంటర్ పరీక్షలు, అత్తగారికి మోకాళ్లు. ఒక్కో కారణానికీ అమ్మ దగ్గర ఒక్కో జవాబుండేది, చివరికి నేనే ఓడిపోయేదాన్ని. కారణం చెప్పకపోతే వాదనకి పట్టు దొరకదు.

అమ్మ చిక్కుళ్ల చేట పక్కకి నెట్టి, "నన్ను గూడా నీ టైం టేబుల్లో పెట్టావా?" అంది.

"పెట్టానమ్మా. తప్పకుండా వస్తా" అన్నాను.

మొదట్లో ఇంకా ఎక్కువవుతుందని టెలీ మానస్ వాళ్లు ముందే చెప్పారు. అలాగే అయింది. ఫోన్లు పెరిగాయి. పిన్ని చేత చేయించింది. చిన్నత్త, మావయ్య వరసలో ఉన్నవాళ్లంతా నాకు ఫోన్ చేసి బుద్ధులు చెప్పారు. "కన్నతల్లి ఉసురు పోసుకోవద్దమ్మాయ్" అని ఒకాయన ఏకంగా బడికే వచ్చాడు. అన్నం కూడా మానేసింది. పిన్ని ఫోన్ చేస్తే నేను రెండే అడిగాను: మాట సరిగ్గా వస్తోందా, చెమటలు పడుతున్నాయా? మాట బాగానే ఉంది, చెమటల్లేవు. "పిన్నీ, ఒక గ్లాసు మజ్జిగన్నా తాగించు, నేను ఏడున్నరకి చేస్తా" అన్నాను. ఆ సాయంత్రం దాకా నేను కూడా ఏమీ తినలేకపోయాను. సాయంత్రం చేస్తే, "ఇంకా పోలేదులే" అంది. "నీకు బాధగా ఉందని తెలుసమ్మా. ఆదివారం వస్తా" అన్నాను. ఆమె ఏమన్నా నా జవాబు అదే. కోపంగా కాదు, బతిమాలుతూ కాదు, రోజూ ఒకే గొంతుతో. ఆదివారం వెళ్లాను. వానైనా, ఒంట్లో నలతగా ఉన్నా వెళ్లాను. నా మాట మీద ఆమెకి నమ్మకం కుదరాలంటే ఆ ఒక్క రోజు తప్పకూడదు.

ఇంతలో ఎవరో ఎక్కించారు, "కావలి ఆర్డీవో దగ్గర నీ మీద అర్జీ పెడతా" అంది. భయమేసింది, సిగ్గేసింది. కానీ ఆ పేరుతో చట్టం చదివాను. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. ఇలాంటి అర్జీలు విచారించే ట్రిబ్యునల్‌లో ఆర్డీవో స్థాయి అధికారి కూర్చుంటారు, ఆ స్థాయికి తగ్గినవాళ్లు కూర్చోకూడదు. పిల్లలు చూడకపోతే నెలకి 10,000 రూపాయలకి మించకుండా ఇప్పించవచ్చు. పోషణ అంటే తిండి, బట్ట, ఉండే చోటు, వైద్యం. కొడుకుదీ కూతురిదీ సమాన బాధ్యతే. ఒక్కొక్కటే చూసుకున్నాను. ఇందులో మేము చెయ్యనిది ఒక్కటీ లేదు. అప్పటిదాకా నన్ను పీడించిన తప్పు చేస్తున్నానన్న భావం చాలావరకు ఆ రోజే వదిలింది.

ఇది మంచి చట్టం. నిజంగా అన్నం పెట్టని పిల్లలున్న తల్లులు ఎందరో ఉన్నారు, వాళ్లకిది తెలియాలి. తమని చూసుకోవాలన్న షరతుతో ఆస్తి రాసిచ్చాక పిల్లలు మాట తప్పితే, ఆ రాతని రద్దు చేయమని అడిగే హక్కు 23వ సెక్షన్ ఇస్తుంది. పెద్దల సహాయానికి 14567 అనే నంబరు కూడా ఉంది. ఇదంతా నేనే అమ్మకి చదివి వినిపించాను. అమ్మకున్న ఎకరంన్నర ఇప్పటికీ ఆమె పేరు మీదే ఉంది. రాసిచ్చేస్తానని మధ్యలో అంటే అక్కాతమ్ముళ్లం ఇద్దరం వద్దన్నాం. ఒకటో తారీఖున ఇంటికొచ్చి ఇచ్చే 4,000 పింఛను ఆమె చేతిలో ఉంటుంది, పొలం ఆమె పేరున ఉంటుంది. ఆమెకి ఆ ధీమా అవసరం. అర్జీ సంగతి తర్వాత మళ్లీ ఎత్తలేదు.

ఎప్పుడు తగ్గిందో ఖచ్చితంగా చెప్పలేను. మందు పనిచేసిందా, చెవి మిషనా, ఆదివారాలా, ఏదని చెప్పను? ఒక ఆదివారం వెళ్లేసరికి మామిడికాయ వేసి చేపల పులుసు పెట్టి ఉంచింది. ముందురోజు రాత్రే కాచి పెట్టిందట, పులుసు మర్నాటికే రుచని. నేను వస్తానని రాత్రే తెలుసు కాబట్టి పెట్టగలిగింది. అంతకుముందు నేను హడావుడిగా దిగే రోజుల్లో ఆమె మంచం మీదే ఉండేది. ఆ రోజు రెండోసారి వడ్డించుకుని తిన్నాను.

రొట్టెల పండగకి నెల్లూరు వచ్చింది. ఏ రోజు వస్తుందో, ఏ రోజు తిరిగి వెళ్తుందో ముందే ఫోనులో అనుకున్నాం. స్వర్ణాల చెరువులో దిగి ఆరోగ్య రొట్టె పట్టుకుంది. వెళ్లే రోజు పొద్దున సంచి తనే సర్దుకుంది. మా అత్తగారితో కూర్చుని కాఫీ తాగుతూ నా మీద చాడీలు చెప్పింది. చెప్పుకోనీ, ఇద్దరికీ మాట్లాడుకోవడానికి ఏదో ఒకటి కావాలి.

అన్నీ సర్దుకున్నాయని మాత్రం కాదు. ఎవరి ఇంట్లోనైనా చావు జరిగితే వారం దాకా ఫోన్లు మళ్లీ మొదలవుతాయి. "అత్తకైతే చేస్తావు" ఇంకా వస్తూనే ఉంది, ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. వేసవి సెలవులంతా తన దగ్గరే ఉండాలని ఈసారీ అడిగింది. మొదటి వారం ఉంటానన్నాను. అలిగింది. ఆ వారం ఉన్నాను.

ఇప్పుడు కంటిలో శుక్లం ముదిరిందన్నారు, ఆపరేషన్ చేయించాలి. ఆ వారం తమ్ముడు సెలవు పెట్టి వస్తాడు, తర్వాతి వారం చుక్కలమందు నా వంతు. ఇద్దరూ ఒకేసారి ఉంటే బాగుండేదని అమ్మ అంది. ఆపరేషన్ రోజు ఇద్దరం ఉంటామని, మిగతా రోజులు వంతులేనని చెప్పాను. సరేనని, ఆ రోజు ఏ వారం పడుతుందో క్యాలెండరులో చూడమంది.