కాలిఫోర్నియం కథలను నేనెందుకు నమ్మను

ఇరిడియం చెంబు బియ్యపు గింజలను లాగుతుందని నమ్మించి డబ్బు గుంజే రైస్ పుల్లింగ్ ముఠాల గురించి మా కావలి వైపు వింటూ ఉన్నందువల్ల, అణుపదార్థాల దొంగవ్యాపారం వార్తలను కూడా నేను అదే అనుమానంతో చదువుతాను.

2024 ఆగస్టులో బిహార్‌లోని గోపాల్‌గంజ్‌లో రియాక్టర్లలో తయారుచేసే రేడియోధార్మిక లోహమైన కాలిఫోర్నియం 50 గ్రాములు దొరికిందని, దాని విలువ 850 కోట్ల రూపాయలని పోలీసులు ప్రకటించారు. దాని ముఖ్య రూపమైన కాలిఫోర్నియం-252 అమెరికాలోని ఓక్ రిడ్జ్‌లోను, రష్యాలోని దిమిత్రోవ్‌గ్రాద్‌లోను ఉన్న ప్రత్యేక రియాక్టర్లలో, అదీ మిల్లీగ్రాముల లెక్కన తయారవుతుంది. ఒక్క మైక్రోగ్రామే, అంటే గ్రాములో పది లక్షలవ వంతే, సెకనుకు ఒంటికి హాని చేసే న్యూట్రాన్లను సుమారు 23 లక్షలు వెదజల్లుతుంది కనుక, 50 గ్రాములను వెంట పెట్టుకొని ఊళ్లు తిరిగే మనిషి పోలీసులకు చిక్కేదాకా బతికి ఉండడు. ఈ లెక్క వేయడానికి ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రం చాలు.

2021లో జార్ఖండ్‌లోని బొకారోలో 6 కిలోలకు పైగా యురేనియం పట్టుబడిందన్నారు. అది యురేనియం కాదని, అందులో రేడియోధార్మికతే లేదని విదేశాంగ శాఖ ఆ తర్వాత స్పష్టం చేసింది. పట్టివేత వార్త చదివి భయపడిన వారందరికీ ఈ వివరణ చేరకపోవడం నన్ను నిజంగా బాధిస్తుంది.

అన్నీ బూటకాలని నేననను. 1994లో మ్యూనిఖ్ విమానాశ్రయంలో దొరికిన 363 గ్రాముల ప్లుటోనియం అసలైనదే. అయితే దాన్ని కొంటామని బేరమాడింది జర్మన్ గూఢచారి సంస్థ పంపిన మనుషులే.