వైడ్ లెన్స్ ఖాతా: పర్లాకిమిడి నుంచి మహేంద్రగిరి దాకా

కానన్ 200డి కెమెరా ముందునుంచీ ఉంది. దానికి ఈ వేసవిలో 10-18 మి.మీ. వైడ్ లెన్స్ తోడైంది. అంకె తగ్గేకొద్దీ బొమ్మలో వెడల్పు ఎక్కువ పడుతుంది. బరువు 240 గ్రాములే, రోజంతా మెడలో ఉన్నా తెలీదు. బొమ్మ పడే సెన్సర్ చిన్నది (క్రాప్) కాబట్టి 10 అంటే పెద్ద సెన్సర్ (ఫుల్ ఫ్రేమ్) లెక్కలో 16 మి.మీ. ఒడిశాలోని మా పర్లాకిమిడిలో ఎవరికి చూపించినా ఒకటే ప్రశ్న: "మహేంద్రగిరి మొత్తం పడుతుందా?"

పడుతుంది. చిక్కల్లా అక్కడే. మందస వైపు పొలాల్లో నిలబడి 10 దగ్గర తీస్తే ఆ 1501 మీటర్ల కొండ వరిచేనుకీ మబ్బుకీ మధ్య సన్నటి నీలం చారగా మిగులుతుంది. అదే గట్టు మీద నుంచి దూరాన్ని దగ్గర చేసే టెలి లెన్స్‌తో 250 మి.మీ. దగ్గర తీస్తే కొండ 25 రెట్లు పెద్దగా వస్తుంది. దూరపు కొండ కోసమే అయితే వైడ్ లెన్స్ కొనక్కర్లేదని నా గట్టి అభిప్రాయం. వెనక్కి జరగడానికి చోటు లేనప్పుడు, లేదా కాళ్ళ దగ్గరున్న వస్తువునే బొమ్మకి నాయకుణ్ణి చేయాలనుకున్నప్పుడు ఇది అక్కరకొస్తుంది.

రథయాత్ర

చోటు లేకపోవడమంటే ఏమిటో ఆ రోజు ఈ ఊళ్ళో చూడాలి. జనం మధ్యలో ఇరుక్కుని, రథం ముందు నాలుగడుగుల్లో నిలబడి తీశాను. కెమెరా పైకి ఎత్తి వంచితే రథం వెనక్కి వాలినట్టు పడుతుంది. స్క్రీన్ తిప్పుకుని, గ్రిడ్ గీతలు పెట్టుకుని, కెమెరాని తల మీద నిటారుగా పట్టుకుంటే ఆ వాలు పోతుంది. కింది సగం తలలూ తాళ్ళూ వస్తాయి, అక్కర్లేనిది ఇంటికొచ్చాక కోసేయొచ్చు. కంప్యూటర్‌లో వాలు సరిచేసినా అంచులు ఎలాగూ పోతాయి కనుక తీసేటప్పుడే కాస్త వదులుగా తీయడం మేలు.

అంచున నిలబడ్డ మనుషులు మాత్రం సాగుతారు. మా వీధి మావయ్య ఫోటో చూసి, "ఒరే, నా బుర్ర గుమ్మడికాయలా సాగదీశావేట్రా!" అన్నాడు. పక్కనే ఉన్న అత్త అస్సలు సాగలేదు, ఆవిడ ఫ్రేమ్ నడిమధ్యన ఉంది. అప్పట్నుంచి తెలిసినవాళ్ళని మధ్యలో పెట్టి, అంచులు గోడలకీ తాళ్ళకీ వదిలేస్తున్నాను. మనుషులు ఎక్కువుంటే 14 దాటించడమే నయం.

10కీ 12కీ పెద్ద తేడా ఏముంటుందిలే అనిపిస్తుంది గానీ, ఈ సెన్సర్ మీద అడ్డంగా పట్టే కోణం 96 డిగ్రీలు కాస్తా 86కి పడిపోతుంది. 18 దగ్గరకొస్తే 63. వైడ్ వైపు ఒక్కో మి.మీ. చాలా ఖరీదు.

గండాహతి

వానలు వెనకబట్టాక జలపాతానికి వెళ్ళాను. ఇక్కడ పోలరైజర్ (మెరుపు తగ్గించే ఫిల్టర్) బాగా పనిచేసింది, తడి రాళ్ళ మీది మెరుపు తగ్గి నాచు పచ్చగా తేలింది. లెన్స్‌కి 67 మి.మీ. ఫిల్టర్ కావాలి, కెమెరాతో వచ్చిన కిట్ లెన్స్‌ది 58, అది దీనికి పట్టదు. సన్న అంచున్నది చూసి కొనాలి, మందపాటిది పెడితే 10 దగ్గర మూలలు నల్లబడతాయి.

ఫ్రేమ్‌లో నీలాకాశం ఎక్కువుంటే మాత్రం పోలరైజర్ తీసేయాలి. సూర్యుడికి 90 డిగ్రీల పక్కన ఆకాశం బాగా నల్లబడుతుంది, మిగతా చోట్ల అంతగా కాదు. ఇంత వెడల్పు బొమ్మలో రెండూ పడి, మధ్యలో మరక పోసినట్టుంటుంది.

ట్రైపాడ్ మోకాలి కంటే కిందకి దించి, ముందు అడుగున్నర దూరంలో ఒక రాయి పెట్టుకున్నాను. ఎపర్చర్ (కాంతి వచ్చే రంధ్రం, ఎఫ్ అంకె పెరిగేకొద్దీ చిన్నదవుతుంది) ఎఫ్/11, ఐఎస్ఓ (సెన్సర్ కాంతిని పట్టే జోరు) 100, షటర్ పావు సెకను. నీళ్ళు తెల్లటి పొరలా వచ్చాయి గానీ చారలు పూర్తిగా చెరిగిపోలేదు. సెకను పైకి వెళితే నీరు నీరులా ఉండదు, నాకది నచ్చదు.

తుంపర్లతోనే అసలు గొడవ. ఎపర్చర్ చిన్నది చేసిన వైడ్ లెన్స్‌లో అద్దం మీది చుక్క కూడా మరకలా బొమ్మలో కనిపిస్తుంది. పాత నూలు పంచె ముక్క జేబులో ఉంచి, ప్రతి ఫోటోకీ ముందు తుడుస్తూ ఉండటమే దారి.

ఫోకస్ లెక్క ఇక్కడే కుదిరింది. 10 దగ్గర ఎఫ్/8 పెట్టి, సుమారు రెండడుగుల దూరంలో ఫోకస్ చేస్తే అడుగు నుంచి ఆకాశం దాకా అన్నీ స్పష్టంగా వస్తాయి. ఈ లెన్స్ మీద దూరం చూపే స్కేలు లేదు. అందుకని రెండడుగుల్లో ఉన్న రాయి మీద ఆటోఫోకస్ చేసి, మీట మాన్యువల్‌కి తోసి, ఇక జూమ్ ముట్టుకోను. ఎఫ్/16, 22 దాకా వెళితే డిఫ్రాక్షన్‌తో (సన్న రంధ్రంలో కాంతి చెదరడంతో) బొమ్మంతా మెత్తబడుతుంది, అంత అవసరం ఈ లెన్స్‌తో రాదు.

మహేంద్రగిరి పైన

కింద నుంచి చారలా పడిన కొండ మీదే ఈ లెన్స్ విలువ తెలిసింది. శిఖరాన భీముడి గుడి చిన్నది, రాతి దిమ్మలు మాత్రం మహా పెద్దవి. ఒక మూల దిమ్మకి మూరెడు దూరంలో కెమెరా పెడితే, ఉలి దెబ్బల గుంటలూ, పసుపు రంగు రాతిపూతా ఫ్రేమ్‌లో సగం ఆక్రమించాయి. వెనక గుడి మొత్తం, దాని వెనక కొండల వరసలు. 18 దగ్గర పెట్టి చూస్తే రాయి వస్తుంది, గుడి తెగిపోతుంది. వెనక్కి జరుగుదామంటే వాలు.

మబ్బు లేని రోజున అక్కణ్ణించి బంగాళాఖాతం కనిపిస్తుంది. దాన్ని ఈ లెన్స్‌తో తీయాలని చూడకండి, కంటికి ఉన్నంత కూడా ఉండదు. కిట్ లెన్స్ 35 దగ్గర పెట్టి, నిలువుగా, ఒక్కో ఫోటో ముందుదానితో మూడో వంతు కలిసేలా వరసగా తీసి కంప్యూటర్‌లో ఒకే బొమ్మగా కుట్టించాను. ఎక్స్‌పోజర్ (వెలుతురు మోతాదు), వైట్ బ్యాలెన్స్ (రంగు ఛాయ) రెండూ చేత్తో బిగించకపోతే అతుకులు తెలుస్తాయి.

చలికాలం చంద్రగిరి వెళ్ళాలి. అక్కడి టిబెటన్ల జెండాల తాళ్ళ కింద నుంచి మహావిహారాన్ని (బౌద్ధ మఠాన్ని) 10 దగ్గర తీయాలి. పొద్దున ఎండ ఏ వైపు పడుతుందో ముందు ఒకసారి ఖాళీ చేతులతో వెళ్ళి చూసుకోవాలి, లోపల తీయనిస్తారో లేదో అప్పుడే అడిగేస్తాను.