స్నానం ఏ వేళకు కావాలన్నారు?

కాకినాడ దగ్గర ఒక వృద్ధాశ్రమానికి ఫిజియోథెరపిస్టుగా వెళ్తుంటాను. అక్కడ రిజిస్టరు చాలా శ్రద్ధగా రాస్తారు. బీపీ, షుగరు, బరువు, విరేచనం అయిందా, ఎవరైనా పడిపోయారా, వీపున పుండ్లు పడ్డాయా. అన్నీ ఉండాల్సినవే. మంచం పట్టిన మనిషికి పుండు పడకుండా చూడటమంటే మాటలు కాదు. కానీ దూరాన ఉన్న కొడుకు ఫోను చేసి "అమ్మ ఎలా ఉంది?" అంటే, ఆ రిజిస్టరు చూసే "బాగున్నారండీ" అని చెబుతారు. నాకు మనసొప్పనిది అదే.

స్నానం సంగతే చూడండి. 1963 నుంచి వాడుకలో ఉన్న కాట్జ్ సూచీ స్నానం, బట్టలు కట్టుకోవడం, మరుగుదొడ్డికి వెళ్లడం, మంచం దిగి కుర్చీలో కూర్చోవడం, మలమూత్రాల మీద అదుపు, తినడం అనే ఆరు పనుల్లో మనిషికి సాయం కావాలో వద్దో చెబుతుంది. నా వృత్తికి అది కావాలి. అయితే అక్కడ ఒక మామ్మగారికి తెల్లవారుజామున 5 గంటలకే నీళ్లు పోస్తారు. రాత్రి ఆయా డ్యూటీ దిగేలోగా ఆ వరుస గదులన్నీ అయిపోవాలి. కీళ్ల నొప్పులున్న ఆవిడకు ఎండ వచ్చాక అయితే సుఖం. సూచీలో "సాయంతో స్నానం" అన్న గడి నిండుతుంది. ఏ వేళకు, ఎవరి చేత, తలుపు మూసి ఉందా అన్నవి ఎక్కడా రావు.

ఇంగ్లండులోని కెంట్ విశ్వవిద్యాలయం వారు రూపొందించిన ఆస్కాట్ అనే కొలమానం నాకు అందుకే నచ్చింది. తన రోజు మీద తనకున్న పట్టు, శుభ్రత, తిండి, భద్రత, నలుగురితో కలవడం, చేసుకోవడానికి ఏదో ఒక పని, ఉండే చోటు, గౌరవం: ఇవి అందులోని అంశాలు. ఇప్పుడెలా ఉన్నారన్నదే కాక, ఈ సేవ అందకపోతే ఎలా ఉండేవారన్నదీ అంచనా వేస్తుంది. వయసుతో ఒంట్లో ఓపిక తగ్గడం ఆశ్రమం తప్పు కాదు. ఆ తగ్గుదలలోనూ ఆశ్రమం ఏం నిలబెట్టిందో తేలాలి.

మనసు ఎలా ఉందో అడిగే ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రశ్నావళి ఇంకా చిన్నది. గడిచిన రెండు వారాల గురించి ఐదు వాక్యాలు, ఒక్కోదానికి 0 నుంచి 5 దాకా మార్కులు, మొత్తాన్ని 4తో హెచ్చిస్తే 100కు లెక్క. మామ్మగారిని అడుగుతున్నప్పుడు ఆయా పక్కనే ఉంది. "అంతా బాగుందమ్మా, వీళ్లు నాకు కన్నకూతుళ్ల లెక్క" అన్నారు. ఆయా మరో గదికి వెళ్లాక ఐదో వాక్యానికి వచ్చాం, రోజు ఆసక్తిగా గడుస్తోందా అని. "వత్తులు చేసుకుంటానంటే దూది ఎగురుతుందని వద్దన్నారమ్మా. చేతులు ఊరుకోవు" అన్నారు. ఆ మాటను అంకె పక్కనే అక్షరాలా రాశాను. అడిగేవారు ఆశ్రమం మనుషులు కాకూడదు, వినేవారు పక్కన ఉండకూడదు. ఈ విషయంలో నేను రాజీపడను.

మతిమరుపు ముదిరి మాట పోయినవారిని మాత్రం చూసే తెలుసుకోవాలి. ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డ్‌లో టామ్ కిట్‌వుడ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం తీర్చిదిద్దిన పద్ధతిలో, శిక్షణ పొందినవారు గదిలో ఒక పక్కన కూర్చుని, ఆ మనిషి ఏం చేస్తున్నారో, హుషారుగా ఉన్నారో ముభావంగా ఉన్నారో ఐదేసి నిమిషాలకు ఒకసారి రాసుకుంటారు. నాకు ఆ శిక్షణ లేదు, కానీ దాని గురించి చదివాక చూపు మారింది. అక్కడ ఒక తాతగారు ఉన్నారు. ఒక ఆయా నిలబడి ఇడ్లీ పెడితే పెదవులు బిగిస్తారు. మరో ఆయా స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుని, చట్నీ గిన్నె చూపించి "తాతగారూ, ఇది వేయనా?" అంటే మెడ ముందుకు చాస్తారు. రిజిస్టరులో రెండు రోజులూ "రెండు ఇడ్లీలు తిన్నారు" అనే ఉంది.

రిజిస్టరులో ఇంకో గడి పెట్టమని నిర్వాహకులను అడిగాను: స్నానం ఏ వేళకు కావాలన్నారు, ఏ వేళకు జరిగింది. ఆయాలు చాలరని అన్నారు. నిజమే, ఉన్నవాళ్లు నడుములు విరిగేలా చేస్తున్నారు. కానీ ఆ గడిలో తేడా రోజూ కనబడితేనే కదా, ఇంకో ఆయాను పెట్టాలని దాతల ముందు అడగడానికి ఆధారం దొరికేది. ఆ మాటకు ఒక వరుస గదులతో మొదలుపెట్టడానికి ఒప్పుకున్నారు. దూది సంగతి కూడా అడిగాను. వరండాలో కూర్చుని చేసుకోమన్నారు.