నాన్నగారి కొత్త రీడరు

శుక్లాల ఆపరేషన్ అయినప్పటి నుంచి నాన్నగారికి చిన్న అచ్చుతో పేచీ. అక్షరాలు పెద్దవి చేసుకోవచ్చని హైదరాబాదు నుంచి తమ్ముడు ఈ-రీడరు పంపాడు. ఉదయం ఎస్వీ యూనివర్సిటీలో నడక ముగించుకుని వచ్చి, "నీ ఫోనులో చదువుతున్న ఆ చరిత్ర పుస్తకం ఇందులో వేసి పెట్టమ్మా" అన్నారు.

ఇక వంట ఆలస్యమే. పుస్తకం డబ్బులిచ్చి కొన్నదే, కానీ ఒక దుకాణంలో కొన్నాను, రీడరేమో మరో కంపెనీది. ఫైలు ఎక్కింది, తెరుచుకోదు.

నాకు ఒళ్లు మండేది ఎందుకంటే, ఇందులో చేతకాని పని ఏదీ లేదు. ఈపబ్ అనేది ఈ-పుస్తకాల కోసం ఎవరైనా వాడుకోగల ఫైలు ఫార్మాట్, 2007 నుంచి ఉంది. వెబ్ పేజీల్లాంటివి కొన్ని మూటగట్టి ఉంటాయి, అంతే. దాని మీద డీఆర్‌ఎం అనే తాళం వేసి, తాళంచెవిని కొన్నవాళ్ల ఖాతాకు ముడిపెడతారు. ఆ ఖాతాను గుర్తించని యంత్రంలో పుస్తకం ఉన్నా లేనట్టే.

"అంటే కొన్నామా, అద్దెకు తెచ్చుకున్నామా?" అన్నారు నాన్నగారు. మాస్టారు కదా, ప్రశ్న సూటిగా వేస్తారు. మైక్రోసాఫ్ట్ 2019లో ఈ-పుస్తకాల దుకాణం మూసేసి, అమ్మిన పుస్తకాలన్నీ వెనక్కి తీసుకున్న సంగతి చెప్పాను. డబ్బు తిరిగిచ్చారని కూడా చెప్పాను.

"పక్కన రాసుకున్న నోట్సు?"

దానికీ వెల కట్టారు, 25 డాలర్లు! ఆయన చాలాసేపు నవ్వారు.

పక్కింటి బీటెక్ అబ్బాయి విని, "అక్కా, ఆ తాళం ఒక్క నిమిషంలో తీసేస్తాను" అన్నాడు. కాపీరైట్ చట్టంలో 2012లో చేర్చిన 65ఏ సెక్షన్ ప్రకారం దీనికి రెండేళ్ల వరకు జైలు ఉంది. హక్కులకు భంగం కలిగించే ఉద్దేశంతో తీస్తేనే నేరమని అందులోనే ఉంది, కళ్లు కనబడక చదువుకునే మనిషికి ఆ ఉద్దేశం ఎక్కడిది? అయినా నాన్నగారు ఒప్పుకోలేదు. దొంగల్ని ఆపాలంటే ఆపనీ, నేనెందుకు దొంగలా చదవాలి అన్నారు.

రచయితకు రావలసిన డబ్బు రావాలి, అందులో నాకు రెండో మాట లేదు. కానీ ఈ తాళాల వల్ల ఏం ఒరిగింది? సైన్స్ ఫిక్షన్ ప్రచురించే టోర్ సంస్థ 2012లో తాళాలు తీసేసింది. ఏడాది తర్వాత, దొంగ ప్రతులు పెరిగిన జాడ కనిపించలేదని దాని బ్రిటన్ శాఖే ప్రకటించింది. తాళం ఆపేది నిజాయితీగా కొన్నవాళ్లనే.

సాయంత్రానికి రాజీ కుదిరింది. నా ఫోనులోనే అక్షరాలు పెంచి ఇచ్చాను. వరుసకు మూడు మాటలు పడుతున్నాయి. "ఈ లెక్కన కాకతీయుల దాకా రావడానికే వినాయక చవితి అవుతుంది" అని గొణుగుతూ పేజీ తిప్పుతున్నారు. ఈలోగా ఫోను మోగితే నాకివ్వడం లేదు, తనే మాట్లాడి పెట్టేస్తున్నారు.