పాత కారు, కొత్త బేరగాళ్లు

కారు అమ్ముతానని ప్రకటన పెట్టగానే వచ్చిన మొదటి ఫోను, సైన్యంలో అధికారినని చెప్పుకున్న ఒకాయనది. బండి చూడడట, బేరమాడడట, ముందే అడ్వాన్సు పంపుతాడట! వాట్సాప్‌లో క్యూఆర్ కోడ్ పంపి, స్కాన్ చేసి పిన్ కొట్టమన్నాడు. డబ్బు రావడానికి యూపీఐ పిన్ ఎందుకండీ అని అడగ్గానే ఫోను పెట్టేశాడు.

చివరికి కొన్నది పక్క వీధి మాస్టారు. బానెట్ ఎత్తి, ఆయిల్ పుల్ల తుడిచి మరీ చూశారు. అలాంటివారికి కాస్త తగ్గించినా బాధ లేదు. సొమ్ము ఖాతాలో పడ్డాకే తాళాలిచ్చాను. బండిని కొన్నవారి పేరు మీదికి మార్చే ఫారం 29, 30 సంతకాలయ్యాక, బండి అప్పగించిన తేదీ, సమయం కూడా కాగితం మీద రాయించుకున్నాను. ఆర్‌సీలో పేరు మారకపోతే ప్రమాద పరిహారం పాత యజమాని మెడకే చుట్టుకుంటుందని 2018లో సుప్రీంకోర్టు తీర్పు ఉంది మరి. "నా మీద కూడా అనుమానమేనా?" అని మాస్టారు నవ్వుతూనే సంతకం చేశారు.