పాత ఫైరింజన్‌కి ప్రాణం దాని నీళ్ల పంపే

ఫైరింజన్ వయసుని తిరిగిన మైళ్లతో లెక్కేస్తే ఏమీ తెలియదు. అమెరికాలో చిన్న ఊళ్ల వాలంటీర్ ఫైర్ స్టేషన్లలో నలభై, యాభై ఏళ్ల కిందటి బండి మీటరు చూస్తే ఆశ్చర్యమేస్తుంది, ఎందుకంటే అది పెద్దగా తిరిగి ఉండదు. స్టేషన్ నుంచి మంట దాకా వెళ్తుంది, తిరిగొస్తుంది, అంతే. కానీ మంట దగ్గర ఆగాక మాత్రం కదలకుండా నిలబడి, ఇంజన్ పూర్తి జోరు మీద ఉండగా, గంటల తరబడి నీళ్లు తోస్తూనే ఉండాలి. ఆ బండి బతికుందా లేదా అన్నది దాని నీళ్ల పంపే చెబుతుంది.

నాకు ఈ బండ్లంటే పిచ్చి. ఫొటోల్లో అందరి కళ్లూ ముందు సిన్సినాటిలో తయారైన ఏరెన్స్-ఫాక్స్ మీద పడతాయి, బండి ముందు తళతళలాడే పెద్ద బంతి ఉంటుంది కదా, అది. చాలామంది అలంకారం అనుకుంటారు గానీ అది పిస్టన్ పంపులో భాగం. పిస్టన్లు నీళ్లని ఆగి ఆగి తోస్తాయి, బంతిలో ఉన్న గాలి ఆ కుదుపుల్ని మింగేసి ధారని సమంగా పంపిస్తుంది. కార్ల కంపెనీలు మూతపడ్డాక కూడా వాటి ఇంజన్లు ఫైరింజన్లలో బతకడం నాకు ఇంకా ఇష్టమైన సంగతి. ఆబర్న్ కార్ల వి-12 (పన్నెండు సిలిండర్ల) ఇంజన్ అమెరికన్ లాఫ్రాన్స్ బండ్లలోకి, పియర్స్-ఆరో వి-12 సీగ్రేవ్ బండ్లలోకి చేరాయి.

అయితే చిన్న ఊళ్లలో చాలావాటికి అంత ఖరీదైన బండి కొనే స్తోమత ఎక్కడిది? మామూలు ఫోర్డో, షెవర్లేనో, ఇంటర్నేషనలో లారీ తీసుకుని, దాని మీద హోవ్, డార్లీ లాంటి కంపెనీల చేత పంపు, ట్యాంకు పెట్టించుకునేవాళ్లు. ఆ డబ్బు కూడా విందులు పెట్టి, బింగో ఆటలు ఆడించి పోగుచేసినదే. అందుకే ఊరివాళ్లకి ఆ బండి మీద అంత మమకారం.

ఊరు దాటితే వీధుల్లో ఫైరింజన్ల కోసం పెట్టే నీటి కుళాయిలు, అదే హైడ్రెంట్లు, ఉండవు, చెరువే దిక్కు. బండిని గట్టున ఆపి, లావుపాటి సక్షన్ పైపుని నీళ్లలోకి దింపి, ప్రైమర్‌తో పంపులో గాలి లాగేయాలి. బయటి గాలి ఒత్తిడే నీళ్లని పైకి ఎక్కిస్తుంది. లెక్క ప్రకారం సముద్రమట్టం దగ్గర 34 అడుగుల దాకా ఎక్కాలి గానీ, నిజంగా చేసేటప్పుడు 25 అడుగులే గగనం. పైపుల అతుకుల్లో ఉండే ఒక్క గాస్కెట్ (రబ్బరు వాషర్) దగ్గర గాలి లీకైనా పంపు నీళ్లు పట్టదు. ఒకసారి పంపుని నడిపే గేజిలు, వాల్వులు ఉండే ప్యానెల్ పక్కనే నిలబడి చూశాను. ప్రైమర్ లాగగానే సక్షన్ గేజి ముల్లు సున్నా కిందకి జారింది, అప్పటిదాకా ఖాళీగా గోల పెడుతున్న పంపు ఒక్కసారిగా బరువుగా మూలిగింది, ఆ వెంటనే బయటికి వెళ్లే నీళ్ల ఒత్తిడి చూపే రెండో గేజి ముల్లు లేచింది. ఆపరేటర్ అప్పుడు గేజిల వైపు చూడనే లేదు, చప్పుడు విని వాల్వు తిప్పాడు.

ఏటా చేసే పంపు టెస్టు కూడా చిన్నదేం కాదు. 150 పీఎస్ఐ (చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్లని ఒత్తిడిని కొలిచే లెక్క) దగ్గర పూర్తి సామర్థ్యంతో 20 నిమిషాలు, 200 దగ్గర 70 శాతంతో 10 నిమిషాలు, 250 దగ్గర సగంతో మరో 10 నిమిషాలు నడవాలి. ఇందులో నెగ్గిన పాత పంపుని ఎవరూ తక్కువ చేసి మాట్లాడకూడదు.

కానీ మనుషుల్ని ఎక్కించుకుని మంటకి పరిగెత్తే పని పాత బండికి ఇవ్వొద్దనే నేను అంటాను. ఓపెన్ క్యాబ్, బెల్టులు లేని సీట్లు, వెనక మెట్టు మీద కడ్డీ పట్టుకుని నిలబడి వెళ్లడం... అలా పడిపోయి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. 1991లో అమెరికాలో అగ్నిమాపక ప్రమాణాలు రాసే సంస్థ ఎన్ఎఫ్‌పీఏ ప్రమాణాలు కొత్త బండ్లకి మూసిన క్యాబ్ ఉండాలన్నాయి. పైగా వెయ్యి గ్యాలన్ల నీళ్లంటే దాదాపు 3,800 కిలోలు, మలుపులో ఆ బరువంతా ఒక పక్కకి ఒరిగితే పాత బ్రేకులు ఏం చేస్తాయి? డబుల్ క్లచ్ వేసి, అంటే ఒక్కో గేరుకి రెండేసి సార్లు క్లచ్ తొక్కి గేర్ మార్చడం ఈ తరం కుర్రాళ్లకి ఎవరు నేర్పారు?

అలాగని తుక్కుకి అమ్మేయకండి, అద్దాల గదిలోనూ పెట్టేయకండి. పరేడ్‌కి తీసుకెళ్లండి, చనిపోయిన ఫైర్‌మ్యాన్ శవపేటికని దాని మీదే సాగనంపండి. ఊరికే నిలబెడితే పంపు ఇరుసు చుట్టూ నీళ్లు కారకుండా ఉంచే ప్యాకింగ్ ఎండిపోతుంది, పెట్రోలు జిగురు కడుతుంది, ట్యాంకు తుప్పు పడుతుంది. అప్పుడప్పుడూ నీళ్లు పట్టించి పంపు తిప్పండి, కుర్రాళ్ల చేత తిప్పించండి. చలికాలం ముందు మాత్రం కింది డ్రెయిన్లన్నీ తెరిచి పంపులో చుక్క నీరు లేకుండా వంపేయండి. లోపల నీళ్లు గడ్డకట్టి పంపు బాడీ పగిలిందంటే అలాంటి పోత మళ్లీ దొరకడం చాలా కష్టం.